మోపిదేవి దారిలో తెగిన పట్టీ

శ్మశానం పక్కన జీపు ఆపుకుని నిద్రపోయినవాణ్ణి నేను. దెయ్యమనీ గాలి సోకిందనీ ఎవరన్నా అంటే నాకు ఇప్పటికీ విసుగే. ఇది రాస్తున్నది ఎవర్నీ భయపెట్టడానికి కాదు. నలభై దాటాక అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి, తప్పులుంటే సర్దుకుని చదవండి.

పంతొమ్మిదివందల యాభైల చివర్లో గుడివాడలో ఒక రైసుమిల్లు యజమాని దగ్గర డ్రైవర్ని. ఆయనది మిలిటరీ వాళ్ళు వదిలించుకున్న జీపు. స్టీరింగు ఎడమవైపు. తలుపులుండవు. పక్కన కూర్చున్న మనిషి జారిపోకుండా అడ్డంగా ఒక క్యాన్వాసు పట్టీ, దాని చివర కొక్కెం. ఇప్పటి కార్లలో సీటు బెల్టు చేసే పనే అదీ చేసేది.

ఆ పట్టీ పాడైంది. అదే వారం యజమాని తల్లిగారు మోపిదేవి గుడికి వెళ్ళాలన్నారు. ఆవిడకి రెండు కళ్ళకీ పొరలు. ఎదుటి మనిషి నీడలా ఆనేవాడు, అంతే. వెనక సీటు కుదుపులు ఆవిడ పడలేరు కాబట్టి ముందే కూర్చోవాలి. గట్టి పట్టీ చూసి తెమ్మని యజమాని నన్ను బందరు పంపారు.

అక్కడ పాత ఇనప కొట్లో పట్టీలు గుట్టగా పోసున్నాయి. కొట్టాయన ప్రతిదీ లాగి చూసి, తెల్ల రంగుతో దాని మీదే రాసేవాడు. గట్టిదైతే ‘మనిషికి’, కుట్లు చివికినదైతే ‘సామానుకే’. రాసే ఉంది, చూసి తీసుకో బావా అని ఆయన వేరే బేరంలో పడ్డాడు. పక్కన ఇద్దరు లారీ డ్రైవర్లు నిలబడి ఉన్నారు. నాకు చదవడం రాదని వాళ్ళ ముందు చెప్పలేకపోయాను. ఒక పట్టీ తీసి, కళ్ళు చిట్లించి, చదివినట్టు తలూపాను. కొక్కెం మా జీపుకి సరిపోయేదే. గుడ్డ కూడా కొత్తదిలా కనపడింది. అదే పట్టుకొచ్చాను.

మర్నాడు పొద్దున మిగతావాళ్ళు బస్సులో ముందు వెళ్ళారు. జీపులో ఆవిడా నేనూ, వెనక కొబ్బరికాయల బుట్ట. చల్లపల్లి దాటాక కాలవ గట్టు. రాత్రి పడిన వానకి బంకమట్టి జారిపోతోంది. గేదె అడ్డొచ్చింది, బ్రేకు తొక్కాను. జీపు కాలవ వైపు ఒరిగింది.

నా రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. అది వదిలితే ఇద్దరం నీళ్ళలోనే. పటుక్కున శబ్దమైంది. ఆవిడ నడుం దాకా బయటికి వెళ్ళిపోవడం ఓరకంట చూశాను. వెళ్ళి, అక్కడే ఆగారు. తర్వాత మెల్లగా, ఎవరో పొదివి పట్టుకుని కూర్చోబెట్టినట్టు, తిరిగి సీట్లోకి వచ్చారు. ఆవిడ చేతులు దేన్నీ పట్టుకోలేదు, ఒళ్ళోనే ఉన్నాయి.

జీపు ఎలాగో గట్టు మీదే ఆపి, దిగి చూశాను. పట్టీ రెండు ముక్కలై వేలాడుతోంది. గట్టు మీద ఆ గేదె తప్ప ఎవరూ లేరు.

“నన్ను పట్టుకుందెవర్రా? నువ్వేనా?” అన్నారు.

“నేనేనండి,” అన్నాను.

కాదంటే పట్టీ మాట వస్తుంది. పట్టీ మాటొస్తే నా చదువు మాట వస్తుంది. ఆవిడ, సరే పోనీ అన్నారు.

యజమాని నాకు పంచెల చాపు పెట్టారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ నన్ను చూపించి ఈ కథ చెప్పేవారు. ఊళ్ళో తోటి డ్రైవర్లు మాత్రం నమ్మలేదు. “అంత జారుడులో స్టీరింగుకే రెండు చేతులూ చాలవు, నీకు మూడోది ఎక్కడిది బావా?” అని ఆటపట్టించారు. నేనూ నవ్వాను. కథ నడుస్తున్నంతసేపూ పెద్దావిడ గోడవైపు తిరిగి కూర్చునేవారు. వెలుతురు పడక అనుకున్నాను. మిల్లు గుమాస్తా చేత ఆ పట్టీ ముక్క చదివించాను. ‘సామానుకే’ అన్నాడు. రెండు ముక్కలూ పొయ్యిలో పడేశాను.

నాలుగేళ్ళకి ఆవిడ మంచం పట్టారు. ఒకరోజు మధ్యాహ్నం నన్ను పిలిపించి, కోడల్ని బయటికి వెళ్ళమన్నారు. చెయ్యి చాపమన్నారు. నా మణికట్టు చుట్టూ వేళ్ళతో తడిమారు.

“ఆ చేతికి గాజులున్నాయిరా,” అన్నారు. “నువ్వు నేనేనన్నావు. ఎప్పటికైనా నిజం చెప్తావేమోనని చూశాను.”

ఆ చెయ్యి ఎవరిదో ఆవిడ పోల్చుకున్నారేమో. అడగాలనే ఉంది. అడగాలంటే ముందు నాది కాదని నా నోటితో అనాలి. అంతలో గుమ్మంలో కొడుకు అడుగుల చప్పుడైంది. ఆవిడ నా చెయ్యి వదిలేసి, వీడికి అన్నం పెట్టి పంపండి అన్నారు.

వారం తిరక్కుండానే పోయారు. ఆ చెయ్యి ఎవరిదో నాకు ఈనాటికీ తెలియదు. ఎంత ఆలోచించినా తెగలేదు.

ఆవిడ పిలిపించిన రోజు వంటింట్లో నాకు విస్తరేశారు. తలొంచుకుని, పెట్టినదంతా తినేసి వచ్చాను.