తల్లి వైపు నుంచి

1983 జూలైలో నన్ను పాతబస్తీలోని ఒక ప్రభుత్వాసుపత్రికి, అక్కడ కొత్తగా తెరిచిన జన్యు విభాగానికి, సీనియర్ రీసెర్చ్ అసిస్టెంటుగా బదిలీ చేశారు. హోదా పేరు పొడుగే గానీ అధికారం పొట్టి. పైన ప్రొఫెసర్ గారు, కింద ల్యాబ్ అటెండరు, మధ్యలో నేను. నా పని రెండు రకాలు. కుటుంబంతో మాట్లాడి వంశవృక్షం గీయడం ఒకటి. రక్తం తీసి, కణాలను పెంచి, క్రోమోజోములను సూక్ష్మదర్శిని కింద చూడటం రెండోది. కణాలు అబద్ధం చెప్పవు, మనుషులు చెబుతారు. అందుకే ఒకే ప్రశ్నను ఇంట్లో ముగ్గురిని విడివిడిగా అడగడం నాకు అలవాటయింది. మా ఇంట్లో నన్ను పోలీసని వెక్కిరించేవారు. పోలీసుకు లాఠీ అయినా ఉంటుంది, నాకు అదీ లేదు.

వానలు తగ్గుతున్న రోజుల్లో మల్లేశ్ వచ్చాడు. కంచన్‌బాగ్‌లోని ఒక కర్మాగారంలో ఫిట్టరు. ఇంటి దగ్గర బర్రెలున్నాయి. పత్తర్‌గట్టి దుకాణాల చాయ్‌కి పాలు పోసేది వాళ్లే. వెంట ఐదేళ్ల కొడుకు అంజి, భార్య సుగుణ, తల్లి బాలమ్మ. అంజికి మాట రాలేదు. పిలిస్తే చూడడు, ఎవరైనా ముట్టుకుంటే అరుస్తాడు, గిన్నె మూత దొరికితే గంటలకొద్దీ తిప్పుతూ కూర్చుంటాడు. ఆటిజం అనే మాట అప్పుడు మా ఆసుపత్రిలోనే చాలామంది వినలేదు. విన్నవారిలో కొందరు, తల్లి మనసు చల్లబడితే పిల్లలు ఇలా అవుతారని నమ్మేవారు. అలా నమ్మిన ఒక ప్రైవేటు డాక్టరు ఆ ముక్క వీళ్లతో అనేశాడు. బాలమ్మకు అది వేదమైంది. కోడలిని ఊళ్లో తండ్రి దగ్గరికి పంపించి, కొడుకుకు మారు పెళ్లి చేస్తానని మా వరండాలోనే నలుగురూ వినేలా చెప్పింది.

ప్రశ్నలన్నిటికీ ఆమే జవాబు చెప్పింది. కోడలు మీకు చుట్టమా అంటే, “గాదమ్మా, బయటి సంబంధమే” అంది. వంశంలో మాట రానివాళ్లున్నారా అంటే, “మా ఇంట్ల గసొంటోల్లు ఎవ్వరు లేరు” అంది, నేను ప్రశ్న పూర్తిచేయకముందే. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే గదా అనుకున్నాను. రక్తం తీస్తామనగానే లొల్లి మొదలుపెట్టింది.

“మాటలు రాకపోతే నోరు చూడాలె గని, చెయ్యి గుచ్చుడేంది?”

కోడలి తప్పు రుజువు కావాలనుకునే మనిషి పరీక్ష వద్దంటుందా? నాకు అక్కడే అనుమానం గట్టిపడింది. “ఏం గాదమ్మా, నువ్వు ఊకో” అని మల్లేశ్ తల్లిని పక్కకు కూర్చోబెట్టాడు. అంత నెమ్మదిగా ఉన్న మగవాణ్ణి నేను ఇంకా ఎక్కువ అనుమానిస్తాను. మారు పెళ్లికి ఇతనూ సిద్ధమేనేమో! సుగుణనూ వదల్లేదు. వచ్చిన దగ్గరనుంచి బిడ్డను ఒక్కసారి కూడా చేత్తో తాకలేదు. ఆ డాక్టరు చెప్పిన చల్లదనం ఇదేనా అని చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఆమె కొంగు చివరను వాడి వైపు జారవిడిచింది. అంజి ఆమె వైపు చూడకుండానే దాన్ని పిడికిట్లో ఇరికించుకుని, సూది గుచ్చేదాకా కదలకుండా నిలబడ్డాడు. తాకితే ఓర్చుకోలేని పిల్లవాడికి తాకకుండా తోడుండటం ఆమె నేర్చుకుంది. ఆ ప్రైవేటు డాక్టరు మీద నాకు పట్టరాని కోపం వచ్చింది.

అంజి రక్తం, తల్లి రక్తం పెంపకానికి పెట్టాను. మామూలుగా కణాలను పుష్టిగా పెంచుతాం. ఈ పరీక్షకు అలా కాదు. ఫోలిక్ ఆమ్లం తక్కువగా ఉన్న ద్రవంలో వాటిని కొంచెం పస్తు పెట్టాలి. అప్పుడు ఇలాంటి పిల్లలున్న కొన్ని కుటుంబాల్లో ఎక్స్ క్రోమోజోము కొసన, తెగబోయే దారంలా ఒక సన్నని చోటు కనిపిస్తుంది. అంజి కణాల్లో చాలావాటిలో అది కనిపించింది. సుగుణ కణాల్లో అక్కడక్కడ కనిపించింది.

ప్రొఫెసర్ గారు సంతోషించి, ‘లోపం తల్లి వైపు నుంచి సంక్రమించింది’ అని రిపోర్టు చెప్పి రాయించబోయారు. శాస్త్రం ప్రకారం అందులో ఒక్క అక్షరం తప్పులేదు. కొడుకుకు ఎక్స్ వచ్చేది తల్లి నుంచే. కానీ ఆ కాగితం బాలమ్మ చేతిలో పడితే సాయంత్రానికి సుగుణ ఊరి బస్సులో ఉంటుంది. వంశవృక్షం అసంపూర్తిగా ఉందని, ఇల్లు చూసి వస్తానని గడువు అడిగాను. “నీ అనుమానాలకు అంతులేదమ్మా” అని విసుక్కున్నారు గానీ వద్దనలేదు.

శాలిబండ గల్లీలో వాళ్ల ఇంటికి వెళ్లేసరికి సుగుణ బర్రె పాలు పిండుతోంది. నన్ను చూసి లోపలికి కేకేసింది.

“అమ్మమ్మా! దవాఖాన మేడమ్ వచ్చింది.”

అత్తను అమ్మమ్మ అని పిలిచే కోడలు ఎవరవుతుందో తెలుగు ఇళ్లలో పుట్టినవాళ్లకు విడమరిచి చెప్పనక్కరలేదు. మల్లేశ్ ఆమెకు మేనమామ. బాలమ్మ తన కూతురి కూతురినే కోడలుగా తెచ్చుకుంది. మంచినీళ్లు తెచ్చిన అమ్మాయిది అచ్చు సుగుణ ముఖమే. చెల్లెలు లక్ష్మి. తల్లి పోయాక అక్కాచెల్లెళ్లిద్దరినీ అమ్మమ్మే సాకింది. మారు పెళ్లికి అనుకున్న పిల్ల ఎవరని అడిగితే, బాలమ్మ లక్ష్మిని లోపలికి పొమ్మంది. ఆ మాట ఎత్తినందుకే వారం రోజులుగా మల్లేశ్ తల్లితో మాట్లాడటం లేదని సుగుణ చెప్పింది. అతని మీద నాకున్న అనుమానం అక్కడితో తీరిపోయింది.

ముసలామెను పక్కకు తీసుకెళ్లి నెమ్మదిగా చెప్పాను. మేనరికం వల్ల వచ్చింది కాదిది. ఆడవాళ్లలో ఎక్స్‌లు రెండుంటాయి. ఒకటి బలహీనమైనా రెండోది ఆదుకుంటుంది. మగపిల్లవాడికి ఒక్కటే, ఏది వస్తే దానితోనే బతకాలి. అది సుగుణకు వాళ్లమ్మ నుంచి వచ్చి ఉండవచ్చు, ఆమెకు ఇంకా పైనుంచి. పైన ఎవరున్నారో ఆమెకు నేను చెప్పనవసరం లేకపోయింది.

ఆమె బర్రెల వైపు తిరిగింది. అటు చూస్తూనే అన్నది:

“నా పెద్దోడు గూడ గిట్లనే ఉండె మేడమ్. ఎవ్వరి మొకం చూడకపోతుండె. జెరమొచ్చి పోయిండు. ఆడు బతికున్నన్ని దినాలు మా అత్త నన్నే అన్నది. నీ పాలే మంచిగ లేవు అన్నది. కొట్టి పుట్టింటికి తోలింది.”

“మరి సుగుణను ఎందుకు అన్నావు?” అని అడిగాను. నా గొంతులో జాలి లేదు.

“దాన్ని అంటే నన్ను ఎవ్వరు అనరని.”

లక్ష్మి వెళ్లిన వైపు చూసి, “చిన్నదానికి గూడ ఉంటదా?” అంది. సగానికి సగం అవకాశం ఉందన్నాను. ఆ పెళ్లి మాట తర్వాత ఆ ఇంట్లో వినిపించలేదు. వారం తిరక్కుండానే బాలమ్మ ఒక్కతే ఆసుపత్రికి వచ్చి, ఎవరూ అడగకుండానే చెయ్యి చాపింది. మనుమరాలి మీద ప్రేమతోనా, కొడుకు తనతో మాట్లాడటం మానేసినందుకా, నాకు ఇప్పటికీ తేలలేదు.

ఆమె కణాల్లో మాకేమీ కనిపించలేదు. ఆ రోజుల్లో ఆ పరీక్ష ఉన్నదని చెప్పగలిగేది గానీ లేదని కచ్చితంగా చెప్పలేకపోయేది. ముఖ్యంగా పెద్దవయసు ఆడవాళ్లలో. అయినా పోయిన పెద్దకొడుకు సాక్ష్యం ఉంది కనుక, రిపోర్టులో నాలుగు తరాలూ గీశాను. ప్రొఫెసర్ గారు కాసేపు వాదించి సంతకం పెట్టారు. సుగుణ ఆ ఇంట్లోనే ఉంది. అంజికి మాటలు రాలేదు.

ఆ తర్వాత నేను పరీక్షించిన ఇలాంటి పిల్లల్లో ఎక్కువమందికి మా సూక్ష్మదర్శినిలో ఏమీ దొరకలేదు. వందల జన్యువుల్లోని చిన్న చిన్న తేడాలు కలిసి ఈ స్థితికి దారితీయవచ్చనీ, వాటిలో కొన్ని తల్లిలోనూ తండ్రిలోనూ లేకుండా బిడ్డలోనే కొత్తగా పుడతాయనీ నేను రిటైరయ్యే నాటికి గానీ స్పష్టం కాలేదు. ఈ కేసు తర్వాత ‘తల్లి వైపు నుంచి’ అన్న ముక్కతో ఆగిపోయిన రిపోర్టును నా బల్ల దాటనివ్వలేదు. రక్తంలో ఒక మార్పు ఎటునుంచి వచ్చిందో కొన్నిసార్లు చెప్పగలం. తప్పు ఎవరిదో చెప్పే పరీక్ష మా దగ్గర ఎప్పుడూ లేదు. వచ్చినవాళ్లలో చాలామంది మాత్రం ఆ పరీక్ష కోసమే వచ్చేవారు.