రెండు క్లచ్‌ల కారు, నా ఎడమ కాలు

నిన్న పొద్దున నాచారం నుంచి ఉప్పల్ పోయే రోడ్డు మీద మీరుంటే నిజం చెప్పండి, ఏం చూసిన్రు? నడిరోడ్డు మీద ఆగిన కొత్త కారు. వెనక సీట్ల గడ్డం నుంచి సాంబారు కారుతున్న పెద్దమనిషి. ముందల స్టీరింగ్ పట్టుకొని బిగుసుకపోయినోణ్ణి నేనే.

లారీ క్లీనర్‌గ మొదలై, తిట్లు తిని స్టీరింగ్ పట్టినోణ్ణి. నాచారంల మందుల కంపెనీ బస్సు తోలి పిల్లల్ని సాదిన. పోయిన నెల ఆ బస్సు తీసేసిన్రు. మేనేజర్ సారు పిలిచి, ఉప్పల్ దాకా తన కొత్త కారు తోలి చూపియ్యమన్నడు. మంచిగ తోల్తే సోమవారం నుంచి నేనే ఆయన డ్రైవర్.

ఎక్కి కిందికి చూస్తే క్లచ్ లేదు. సారు చెప్పిండు, లోపల రెండున్నయట. ఒకటి వదిలేలోపు రెండోది అందుకొని గేరు దానంతటదే మార్తదట, నా ఎడమ కాలికి పనే లేదట. రెండు పెట్టి నా కాలికి ఒక్కటన్న ఇయ్యకపోవుడేందని మస్తు మండింది. అయినా బండి స్టార్ట్ చేసిన. నౌకరీ కావాలె గద.

సారు నా మీద నమ్మకంతోని వెనక కూసోని డబ్బా మూత తీసి ఇడ్లీ మొదలుపెట్టిండు.

బండన్నంక గేర్ మారేటప్పుడు జర తగ్గాలె. రేస్ వదుల్తం, క్లచ్ తొక్కుతం, బండి ఒక ఊపు ఊగి మళ్ల అందుకుంటది. నా బస్సుల నిలబడ్డోళ్లు ఆ ఊపుకే కడ్డీ గట్టిగ పట్టుకునేటోళ్లు.

రోడ్డు ఖాళీ దొరికింది, రేస్ ఇచ్చిన. ఇంజిన్ మోత పైకెక్కి టక్కున దిగింది. గేర్ మారింది. కానీ బండి తగ్గలే, ఊగలే, గుంజుకపోతనే ఉన్నది. నేను చెప్పకముందే ఎడమ కాలు లేచి, బస్సు క్లచ్ తొక్కినట్టు తొడ బలమంత పెట్టి తొక్కింది.

అక్కడున్నది బ్రేకు.

కారు మేకు కొట్టినట్టు ఆగింది. డబ్బా ఎగిరి సారు మొఖం మీదనే పడ్డది. వెనకొచ్చే ఆటో ఆయన జరంతల తప్పించుకొని, పక్కకొచ్చి నన్ను ఎగాదిగా చూసిండు.

"ఏంది పెద్దాయనా, ఇయ్యాల్నే నేర్చుకుంటున్నవా?"

సారు కళ్లద్దాలు తీసి సాంబారు తుడుసుకున్నడు. "ఏమైంది యాదగిరీ?"

"గేర్ మార్చిన సార్."

"అది ఎప్పుడో మారింది."

ఇగ నౌకరీ పోయిందనుకున్న. ఉప్పల్‌ల దిగేటప్పుడు సారు సోమవారం రమ్మన్నడు. రెండడుగులు పోయి మళ్ల తిరిగిండు. "ఎడమ కాలు మాత్రం ఇంట్ల పెట్టి రా."

అప్పటి సంది దాని దిక్కే చూస్తున్న. చెప్పండి, దీన్ని యాడ పెట్టి పోవాలె?