వేలిముద్రల సాక్షి కొండబాబు

టీవీలో కోడలి కాపురం ఏమైందో ఈ ఇంట్లో అందరికీ కావాలి. ఎవరి పెళ్ళి చెడిందో కావాలి, ఎవరి ఇంట్లో అన్నదమ్ములు కొట్టుకున్నారో కావాలి. రాజోలులో బ్యాంకు అరుగు మీద పద్నాలుగేళ్లు కూర్చున్న కొండబాబు ఏమయ్యాడని మాత్రం ఇన్నేళ్లలో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. మీరు తిన్న అన్నం, కట్టిన గుడ్డ, చదివిన కాన్వెంటు అన్నీ అతను నింపిన ఫారాల మీద వచ్చినవే. మీ నాన్నలు దుబాయిలో, కువైట్‌లో ఎండిపోయి పంపిన డబ్బు మీ అమ్మల చేతికి రావాలంటే మధ్యలో ఆ కుంటి మనిషి ఉండాల్సి వచ్చేది. మీరెలాగూ అడగరు. చెబుతుంటే అయినా వినండి.

కొండబాబుది మామిడికుదురు పక్కన చిన్న పల్లె. ఏడో తరగతి దాకా చదివి కొబ్బరికాయల దింపుకు వెళ్లిపోయాడు. నలభై ఏళ్లు వచ్చేదాకా చెట్లెక్కడమే బతుకు. తొంభై రెండులో, వాన వెలిసిన ఒక పూట, తడిచెట్టు మీంచి జారి పడ్డాడు. ప్రాణం పోలేదు గానీ కుడికాలు వంకర తిరిగింది. ఆ కాలితో చెట్టెక్కలేడు, చేలోకి దిగలేడు. చేతిలో మిగిలింది ఆ ఏడో తరగతి ఒక్కటే. దాన్ని పట్టుకుని రాజోలు వెళ్లాడు. బ్యాంకు అరుగు మీద పీట వేసుకుని చదువురాని వాళ్లకు ఫారాలు నింపడం మొదలుపెట్టాడు. ఫారానికి రెండు రూపాయలు.

ఆ రోజుల్లో డబ్బు తీయాలంటే ఖాతా ఎవరి పేరున ఉందో ఆ మనిషే రావాలి. సంతకం రాని ఆడవాళ్లు బొటనవేలు సిరాలో అద్ది ఫారం మీద వెయ్యాలి. ఆ ముద్ర ఈవిడదేనని తెలిసినవాళ్లొకరు పక్కన సంతకం పెట్టాలి. ఆ సంతకం కొండబాబుది. అందుకే ఇంట్లో పూచికపుల్ల పాటి విలువ లేని కోడలికి కూడా నెలకొకరోజు మర్యాద జరిగేది. అత్తగారు గొడుగు పట్టేది. బావగారు ఆటో మాట్లాడేవాడు. హోటల్లో ఇడ్లీ పెట్టించేవారు. ఆ వేలిని ఇంట్లో వదిలేసి వస్తే డబ్బు రాదు మరి. పనయ్యాక ఆవిడ వేలి సిరా జుట్టుకు తుడుచుకుని, గాజుల కొట్టు వైపు ఓసారి చూసి, మళ్లీ ఆటో ఎక్కేది.

కొండబాబుకు ఒకటే పట్టుదల. తన కళ్ల ముందు పడని ముద్రకు సాక్షి సంతకం పెట్టడు. ఒకసారి ఒక మామగారు ముద్ర వేసి ఉన్న ఫారం జేబులో పెట్టుకొచ్చాడు.

“మా కోడలికి జొరవండి. ఇంటికాడే ఏయించుకొచ్చేను. మీరో సంతకం గీకెయ్యండి.”

“జొరం తగ్గేక తీసుకురండి.”

“పది రూపాయలిత్తానండి.”

“ఆయ్. ఆ పదీ పెట్టి మందు కొనండి, తొందరగా తగ్గుద్ది.”

మేనేజర్లు వచ్చారు, పోయారు. కొండబాబు సంతకాన్ని మాత్రం ఎవరూ రెండోసారి చూడలేదు.

రెండువేల ఐదులో బ్యాంకు పక్కన ఏటీఎం పెట్టారు. కార్డు దూర్చి నాలుగంకెలు నొక్కితే డబ్బు వస్తుందన్నారు. ఫారం అక్కర్లేదు, సాక్షి అక్కర్లేదు. కాకపోతే వేలిముద్ర వేసేవాళ్లకు కార్డు ఇవ్వరు. సంతకం వచ్చి ఉండాలి.

సూర్యావతి అని ఒకావిడ ఉండేది. భర్త అంజిబాబు కువైట్‌లో డ్రైవరు. అతను పంపినదాంట్లో ఇంటిఖర్చు పోను ఆరేళ్లుగా మిగిలిస్తోంది. ఐదు సెంట్ల స్థలం కొనాలని ఆవిడ ఆశ. స్థలం కొన్ననాడు వచ్చేస్తానని అంజిబాబు మాట ఇచ్చాడు. ఆవిడ ఒకరోజు పీట దగ్గర కూర్చుని అడిగింది.

“అన్నయ్యగారూ, నాకు సంతకం నేర్పుతారా? కార్డొత్తే మా బావగారి ఎనకాల పడి రానక్కర్లేదు కదండి.”

కొండబాబు కాదనలేదు. పాడైన ఫారాల వెనక మూడు నెలలు దిద్దించాడు. ‘ర్యా’ దగ్గర ఆవిడ చెయ్యి మొరాయించేది. ఇంటి దగ్గర అతని భార్య బుచ్చమ్మ ఊరుకోలేదు.

“అందరికీ సంతకాలు నేర్పేసి రేపు నువ్వేం తింటావు? కూర్చున్న కొమ్మ నరుక్కునేవోణ్ని నిన్నే చూసేను.”

“నేనెక్కిన చెట్లకి కొమ్మలెక్కడున్నాయే” అన్నాడు కొండబాబు.

సూర్యావతికి సంతకం వచ్చింది. ఖాతాలో వేలిముద్ర తీసేసి సంతకం ఎక్కించారు. కార్డు, అంకెలున్న కవరు పోస్టులో ఇంటికి వచ్చాయి. అందుకున్నది బావగారు సత్తియ్య. కవరు తనే చించాడు.

“ఎండలో నువ్వెందుకమ్మా, నేను తెచ్చెత్తాను కదా” అన్నాడు.

అక్కడితో ఆటో పోయింది, గొడుగు పోయింది, ఇడ్లీ పోయింది. వేలితో అవసరం తీరాక మనిషితో కూడా తీరిపోయింది. సూర్యావతి బ్యాంకు మొహం చూసి పది నెలలైంది.

పది నెలలకు బస్సులో ఒక్కతే వచ్చింది. పాస్‌బుక్కు పైట కింద దాచుకుంది. కొండబాబు లోపల ప్రింటు వేయించుకొచ్చి చదివి చెప్పాడు. వారం వారం డబ్బు తీస్తూనే ఉన్నారు. సత్తియ్య అదంతా రొయ్యల చెరువులో పోశాడు. చెరువుకు తెగులొచ్చి రొయ్యలన్నీ తేలిపోయాయి. ఐదు సెంట్లకు దాచినదాంట్లో రెండు సెంట్లకు సరిపడా మిగిలింది.

“కార్డు ఆపించేద్దామమ్మా. కాగితం రాత్తాను.”

“ఆపిత్తే ఇంకోటి అడగమంటారండి. సంతకం వచ్చు కదా, పెట్టు అంటారు. కువైట్ నుంచి మా ఆయన కూడా ఆళ్లన్నయ్య మాటే అంటారు. నేనొద్దంటే గొడవండి. బ్యాంకోళ్లే కార్డు కుదరదన్నారంటే ఎవరితోనీ గొడవ లేదు.”

“అయితే ఏం చెయ్యమంటావు?”

“చెయ్యి పట్టు తప్పింది, సంతకం రావట్లేదని రాయండి. మళ్లీ ఏలుముద్ర ఏత్తాను.”

“నేను నేర్పిన సంతకవే కదమ్మా. రాదని నేనెలా సాక్షి సంతకం పెట్టను?”

“మీరు పెట్టకపోతే ఇంకెవరు పెడతారండి?”

కొండబాబు వరసలో ఉన్న ముగ్గురి ఫారాలు నింపాడు. వాళ్లు వెళ్లాక కూడా కాసేపు కలం మూత పెట్టడం, తియ్యడం చేశాడు. ఆ మధ్యాహ్నం తెచ్చుకున్న అన్నం తినలేదు. చివరికి కాగితం రాశాడు. ఆవిడ ముద్ర వేసింది. పద్నాలుగేళ్లలో మొదటిసారి, అబద్ధమని తెలిసిన కాగితం కింద సంతకం పెట్టాడు.

మేనేజరు పాత సంతకం తీసి చూశాడు.

“పోయినేడు బానే పెట్టిందే?”

“చేతిలో పట్టు తప్పిందండి” అన్నాడు కొండబాబు.

కింద ఉన్న సాక్షి సంతకం చూసి మేనేజరు ఇంకేమీ అడగలేదు. కార్డు రద్దయింది.

పది రోజులు తిరక్కుండానే సత్తియ్య బ్యాంకుకు వచ్చాడు. చంకలో మహిళా సంఘం పుస్తకం ఉంది. కిందటి శుక్రవారం మీటింగులో సూర్యావతి అందులో సంతకం పెట్టింది, ర్యాతో సహా గుండ్రంగా. అక్కడ పెట్టకూడదని ఆవిడకు తోచలేదు. వేలు నల్లగా చేసుకునే వాళ్ల మధ్య కలం పట్టుకోవడం ఆవిడకు పండగ.

“ఇది ఎవరి సంతకవండి?” అని పుస్తకం మేనేజరు బల్ల మీద పరిచాడు. మేనేజరు సూర్యావతికి కబురు పంపించాడు. ఆవిడ వచ్చాక కొండబాబును లోపలికి పిలిచాడు.

“తప్పు నాదండి” అన్నాడు కొండబాబు నిలబడే. “అలా రాద్దావని నేనే చెప్పేను. ఆవిడకేం తెలీదు.”

సూర్యావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఆ మాట విని కొంగు తీసింది.

“నేనే రాయవన్నానండి. డబ్బులు నా పేరునున్నాయి. నాకు కార్డొద్దు. సంతకవైనా ఏలుముద్రైనా నేనొచ్చే పెడతాను.”

“నోరు లేచిందే” అన్నాడు సత్తియ్య.

“మీరే లేపేరండి” అంది సూర్యావతి.

మేనేజరు మంచివాడే. ఖాతాదారు వద్దన్నాక కార్డు ఇవ్వనన్నాడు. అయితే కొండబాబు వైపు చూడకుండా ఇంకో మాట కూడా అన్నాడు.

“రేపటి నుంచి మీ సాక్షి సంతకం తీసుకోలేనండి. ఏవనుకోకండి.”

“ఆయ్” అన్నాడు కొండబాబు. పీట చంకన పెట్టుకుని బస్సెక్కాడు.

సూర్యావతి ఆ ఎండాకాలం రెండు సెంట్లు కొంది. అంజిబాబు మిగతా మూడింటి కోసం కువైట్‌లోనే ఉండిపోయాడు. కొండబాబు ఇంటి వాకిట్లో కొబ్బరికాయల పీచుడొక్కలు వలుస్తూ కూర్చునేవాడు. ఎప్పుడైనా ఒక ఆడమనిషి ఫారం పట్టుకుని ఇంటికే వస్తే డబ్బు తీసుకోకుండా నింపి, సాక్షి దగ్గర ఖాళీ వదిలేసి ఇచ్చేవాడు. రానురాను అలా వచ్చేవాళ్లూ తగ్గిపోయారు. రెండువేల తొమ్మిదిలో వానల్లో జ్వరం వచ్చింది, వారం ఉంది, పోయాడు. అప్పటికి కొండబాబుకు యాభై ఏడేళ్లు.