ఆలిస్ మంచం

మార్తమ్మకు కోపమొస్తే నర్సాపురం యాస బయటికొస్తుంది. రైల్వేలో ఫైర్‌మన్‌గా చేసే మొగుడి వెంట సికింద్రాబాద్ వచ్చింది. అతను పోయాక మెట్టుగూడ దగ్గర మిషను వాళ్ల ఆడపిల్లల బోర్డింగులో మేట్రన్‌గా కుదిరింది. ఇన్నేళ్లలో ఉర్దూ మాటలూ ఇక్కడి మాటలూ ఎన్ని నోటికి పట్టినా, తిట్టడానికి మాత్రం సొంత ఊరి భాషే కావాలి. పోలీస్ యాక్షన్ అయిన కొద్ది నెలలకు, ఆ చలికాలంలో, ఆమె నోట వేరే భాష వినబడిన రోజే తక్కువ.

ఆ బోర్డింగులో ఒక పద్ధతి ఉంది. ప్రతి మంచానికీ సముద్రాల అవతల ఒక దాత ఉంటాడు. మంచం పైన గోడకు ఒక చెక్క పలక, దాని మీద దాత కోరిన పేరు. అక్కడ పడుకునే పిల్ల తిండీ బట్టా చదువూ ఆ దాతవే. మూల మంచం ఆలిస్ గారిది. ఆలిస్ గారు చచ్చిపోయి చాలా కాలమైంది. తల్లి పేరు నిలబెట్టడానికి కూతురు ఇంగ్లండు నుంచి ఆ మంచాన్ని పోషిస్తోంది. అక్కడ ఎవరు పడుకున్నా "ఆలిస్ మంచం పిల్ల" అనే పిలుస్తారు. పిల్లకు వేరే పేరుందన్న సంగతి బడిలో హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తు రాదు.

గొడవలు ముదిరిన వేసవిలో ఆ మంచం మీది సుమిత్రను వాళ్ల నాన్న వచ్చి బెజవాడ తీసుకుపోయాడు. ఆ వెనకే జనగామ వైపు నుంచి రోసమ్మ అనే ఆమె కూతుర్ని ఈడ్చుకుంటూ వచ్చింది. మొగుణ్ణి రజాకార్లు చంపేశారు. ఆమెకు స్టేషను దగ్గర బొగ్గు మోసే పని దొరికింది, పడుకోను ప్లాట్‌ఫారమే దిక్కు. మార్తమ్మ ఎవర్నీ అడగలేదు. పిల్లకు తలంటి ఆలిస్ మంచం మీద పడుకోబెట్టింది. కమిటీ సెక్రటరీ దేవానందం గారికి మర్నాడు చెబితే, ఊరంతా ఇట్లా ఉంటే ఇప్పుడేం రాస్తాం, తర్వాత ఇంగ్లండుకు తెలియజేద్దాం అన్నాడు. గొడవలు అణిగాయి. ఆయన తెలియజేయలేదు.

ఇప్పుడు ఆలిస్ గారి కూతురు, ఆ దొరసానే స్వయంగా వస్తోందని కబురు. దేవానందం గారు సైకిలు గోడకు ఆనించకముందే మొదలుపెట్టాడు.

"ఆమె దగ్గర సుమిత్ర ఫొటో ఉంది మార్తమ్మా. మనం చెప్పకుండా పిల్లను మార్చినమని తెలిస్తే మంచం క్యాన్సిల్. ఈ పిల్ల మళ్ల ప్లాట్‌ఫారం మీదికే. సుమిత్ర అంటే పలికేటట్టు ట్రెయినింగ్ ఇయ్యండి."

"పేరు మార్చితే సరా? మొహమో, అయ్యగారూ?"

"వాళ్లకు మనోళ్ల మొహాలన్నీ ఒకటే తీరు. మీరు పేరు సంగతి చూడండి."

ఉత్తరం రాయనివాడు ఈయన, అబద్ధం నేర్పాల్సింది తను. మార్తమ్మకు ఒళ్లు మండింది. అయినా నేర్పింది. సుమిత్రా అని పిలిస్తే పిల్ల వెనక్కి తిరిగి ఆ సుమిత్ర ఎక్కడుందా అని చూసేది. బెల్లం ముక్క చేతిలో పెడితే తినేసి మూతి తుడుచుకుని, తన పేరు కాంతమణి అనేది. బుజ్జగించింది, బెదిరించింది, దేవుడి పేరూ ఎత్తింది. రోసమ్మను పిలిపించి చెప్పిస్తే, ఆమె కూతురి గడ్డం పట్టుకుని ఏడ్చింది, ఒక్క పూట ఆ పేరు చెప్పమని.

పిల్ల అందరి మొహాలూ చూసి, "నాయిన పెట్టిండు. నేనియ్య," అంది.

ఎవరో దాని చేతిలోంచి ఏదో లాక్కుంటున్నట్టు రెండు పిడికిళ్లూ బిగించింది. మార్తమ్మకు ఆ మొండిదాన్ని రెండు తగిలించాలనిపించింది, దేవానందం గారికి నాలుగు.

దొరసాని వచ్చింది. పెద్ద టోపీ, చేతిసంచీ, కళ్లద్దాలు. పిల్లలంతా మంచాల పక్కన నిలబడ్డారు. ఆమె మూల మంచం దగ్గర ఆగి సంచిలోంచి ఫొటో తీసి చూసింది, పిల్లను చూసింది, పేరడిగింది.

"కాంతమణి," అంది పిల్ల, గోడలు వినేట్టు.

దేవానందం గారు నవ్వేసి అది ముద్దుపేరని ఇంగ్లీషులో ఏదో అల్లబోయాడు. మార్తమ్మకు ఇక ఓపిక లేకపోయింది. రైల్వే క్వార్టర్లలో నేర్చిన ఇంగ్లీషులో, ఫొటోలోని పిల్ల వెళ్లిపోయిందనీ ఇది వేరే పిల్ల అనీ, తండ్రిని చంపేశారనీ, చెప్పకపోవడం తమ తప్పేననీ గబగబా అనేసింది.

దొరసాని తలూపింది, అలాగా అన్నట్టు. ఫొటో సంచిలో వేసుకుంది. తర్వాత ఆమె కళ్లు గోడ మీదికి వెళ్లి అక్కడే ఆగిపోయాయి. కాందిశీకుల దుప్పట్ల కోసం మార్తమ్మ తెచ్చి పెట్టిన బీరువా ఆలిస్ గారి పలకను సగం కప్పేసింది. దొరసాని కళ్లద్దాలు తీసింది. కళ్లు తుడుచుకుంది. తన తల్లిని ఇట్లా చీకట్లో మూల పడేశారా అని అడిగింది. వీధిలోంచి వచ్చేవాళ్లకు కనబడేట్టు వరండాలో పెట్టమంది. అట్లా పెడితే మంచం ఎప్పటిలాగే పోషిస్తానంది. కాంతమణి వైపు మళ్లీ చూడకుండానే సుమిత్ర కోసం తెచ్చిన గౌను దాని చేతిలో పెట్టి, టీ తాగడానికి వెళ్లిపోయింది.

మార్తమ్మ లెక్క వేసుకుంది. ఇన్ని రోజులు పాడుచేసుకున్న నిద్ర, ఇన్ని తిట్లు, ఒక తల్లి ఏడుపు. ఎవరి కోసం? ఇక్కడ పిల్లకు బదులు మేకపిల్లను నిలబెట్టినా ఆ మహాతల్లి గౌను ఇచ్చి పోయేది.

దేవానందం గారు అప్పటికే ఉత్సాహంగా తిరిగొచ్చాడు, చేతిలో సుత్తితో. పలక వరండాలోకి వెళ్తే రూలు ప్రకారం మంచం సుత దాని కిందికే పోవాలన్నాడు.

"పలకను నీ ఇష్టమొచ్చిన చోట కొట్టుకో. పిల్ల చలిలోకి రాదు. వచ్చిందా, నేనూ బయటికే," అంది మార్తమ్మ. ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు.

ఆయన పలక ఊడదీసుకుని వెళ్లాడు. కాంతమణి గౌను పట్టుకుని మంచం పక్కనే ఉంది.

"అమ్మా, నన్ను ఉండనిస్తరా?"

"ఉండక ఏ రాజ్యానికెల్తావే? ఆ గౌను నీకు లూజు. ఇటియ్యి, కుట్టిస్తా."