రెండు చిరునామాలు, రెండు ఉత్తరాలు

మాది చిత్తూరు. నేనూ మా వదినా కలిసి మామిడి గుజ్జు వ్యాపారం చేస్తాం. తోతాపురి కాయల గుజ్జును ఫ్యాక్టరీలో తీయించి, చిన్న డబ్బాల్లో మా పేరుతో అమ్ముతాం. సింగపూరులో నాలుగు దుకాణాలున్న ఒకాయనకు మా సరుకు నచ్చింది. కానీ అక్కడ రిజిస్టరైన కంపెనీ నుంచే కొంటానన్నాడు. ఏదైనా తేడా వస్తే చిత్తూరు దాకా వచ్చి అడగలేనన్నాడు.

కాగితాల పని మా ఆడిటరు చూసుకున్నాడు. మిగిలింది చిరునామా. అక్కడ గది అద్దెకు తీసుకున్నా కూర్చునే మనిషి లేరు. అప్పుడు ఆడిటరే వర్చువల్ ఆఫీసు సంగతి చెప్పాడు. మనకంటూ గదీ కుర్చీ ఉండవు. వాళ్ళ ఆఫీసు చిరునామాను మన కంపెనీకి వాడుకోవచ్చు. మన పేరిట వచ్చిన ఉత్తరాలు వాళ్ళే తీసుకుని, స్కాన్ చేసి పంపుతారు. ప్రభుత్వం నోటీసులు పంపినా అక్కడికే.

వారం రోజులు వెతికితే చివరికి రెండు మిగిలాయి. ఒకటి నగరం నడిబొడ్డున అద్దాల మేడలో, ముప్పయ్యో అంతస్తు. రెండోది బస్సు డిపో పక్కన పాత భవనంలో, కింద అంతా ఇనుప సామాన్ల కొట్లు. వదినకు అద్దాల మేడ నచ్చింది. విజిటింగ్ కార్డు మీద ఆ వీధి పేరుంటే చూసేవాళ్ళకు నమ్మకం కలుగుతుందంది. నాకూ అదే సబబనిపించింది.

మా నాయన పోస్ట్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. పేపరు చదువుకుంటున్నాడనుకున్నాం గానీ, మా మాటలన్నీ వింటూనే ఉన్నాడు. అక్కడ ఉత్తరాలు ఎవరు తీసుకుంటారని అడిగాడు. రిసెప్షన్‌లో ఉన్నవాళ్ళన్నాను. ఆ మనిషి సెలవు పెడితే ఎవరని అడిగాడు. తెలియదన్నాను.

"రెండు చోట్లకీ ఒక్కో రిజిస్టర్ ఉత్తరం వేసి సూడు పాపా. మేడ సంగతి తర్వాత" అన్నాడు.

రెండుచోట్లా మొదటి నెల పరీక్షగా వాడుకోనిస్తారు. రెండింటిలోనూ పెట్టబోయే కంపెనీ పేరు నమోదు చేయించాం. ఉత్తరాల మీద చిరునామాలు నాయనే రాశాడు, ఒక్కో అక్షరం విడివిడిగా.

బస్సు డిపో పక్కనున్న ఆఫీసు నుంచి, ఉత్తరం చేరిన రోజే స్కాన్ వచ్చింది. వెంటనే అక్కడి ఆవిడ ఫోన్ కూడా చేసింది. నా ఇంగ్లీషు విని కాసేపటికి తమిళం వచ్చా అని అడిగింది. చిత్తూరులో పుట్టి తమిళం రాకుండా ఎలా ఉంటుంది? ఆవిడ సెలవు పెడితే చూసే మనిషి పేరు కూడా చెప్పింది.

అద్దాల మేడ నుంచి ఏమీ రాలేదు. మెయిల్ పెడితే త్వరలో స్పందిస్తామని మిషను జవాబు. మూడు వారాలకు ఉత్తరమే చిత్తూరుకు తిరిగొచ్చింది, ఈ పేరుతో ఇక్కడ ఎవరూ లేరన్న చీటీతో.

నాయన గెలిచినట్టు మాట్లాడతాడనుకున్నాను. ఆయన మాత్రం కవరు మీది చీటీని రెండుసార్లు చదివి బల్ల మీద పెట్టాడు. తర్వాత, మాకెప్పుడూ చెప్పని సంగతి చెప్పాడు.

"కొత్తగా పనిలో చేరినప్పుడు ఒక లాడ్జిలో ఉండే మనిషికి ఉత్తరం వచ్చినాది. మూడో అంతస్తు. ఆ పొద్దు నేను మెట్లెక్కలా. కింద నుంచి కేకేసినాను, ఎవురూ పలకలా. అట్లాంటోళ్ళు ఎవురూ లేరని రాసి వాపసు పంపేసినా. అది ఆయప్పకు వచ్చిన ఇంటర్వ్యూ కాగితం. వారం తర్వాత పోస్టాఫీసుకొచ్చి, నాకు ఇంటర్వ్యూ కాగితమేమన్నా వచ్చినాదా అని నన్నే అడిగినాడు."

ఏం చెప్పావని అడిగింది వదిన.

"రాలేదన్నా."

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ తలుపు తట్టకుండా ఒక్క ఉత్తరమూ వాపసు పంపలేదని తనే అన్నాడు. వదిన లేచి లోపలికెళ్ళి, అద్దాల మేడ చిరునామాతో వేయించిన కార్డు నమూనా తెచ్చి చించేసింది.

బస్సు డిపో చిరునామాతోనే కంపెనీ పెట్టాం. దుకాణాలాయన ఆ చిరునామా గురించి ఒక్క మాటా అడగలేదు. నాలుగు నెలలకు, లేబుల్ మీద కావలసిన వివరం ఒకటి లేదని, పద్నాలుగు రోజుల్లో సరిచేయాలని అక్కడి ఆహార శాఖ నోటీసు పంపింది. అది అందిన రోజే డిపో ఆఫీసు ఆవిడ ఉదయం పదికల్లా ఫోన్ చేసి, మొత్తం తమిళంలో చదివి వినిపించింది. సాయంత్రానికి ప్రెస్సులో కొత్త లేబుల్ సిద్ధమైంది. గడువులోపలే కొత్త లేబుల్‌తో సరుకు దుకాణాల్లోకి వెళ్ళింది.