పదిహేను మార్కుల కథ

ఎమ్మే తెలుగులో చేరేదాకా, కథ రాయడానికి కాయితం, కలం, కాస్త తీరిక ఉంటే చాలనుకునేదాన్ని. దానికీ అటెండెన్సు, ఇంటర్నల్ పరీక్ష, పాసు మార్కులు ఉంటాయని ఆ రోజుల్లోనే తెలిసింది. మా యూనివర్సిటీలో ఆ ఏడే 'సృజనాత్మక రచన' అని కొత్త పేపరు పెట్టారు. పాఠ్యపుస్తకం లేదని తెలిసి సగం క్లాసు అందులో చేరిపోయింది. (నేను మాత్రం రచయిత్రినైపోదామని చేరాను. అప్పటికే సంతకం కూడా సాధన చేసి పెట్టుకున్నాను.) శృంగవరపుకోట దగ్గర వరి పండించుకునే మా నాన్న సంగతి విని, "కతలు రాయడం కూడా సదువేనేటే?" అన్నాడు. "అందులో తప్పిపోనావంటే మాత్రం బీయీడీలో సేరిపోవాల, మరి మాటాడకూడదు" అని మా అమ్మ అక్కడికక్కడే తీర్పు చెప్పేసింది.

ఆ పేపరు చెప్పే ఆయన్ని మేం పాయింట్ల మాస్టారనేవాళ్లం. ఏళ్ల తరబడి వ్యాకరణం చెప్పిన మనిషి. ఏ జవాబుకైనా పక్కన శీర్షికలుండాలి, వాటి కింద గీతలుండాలి. పరీక్షలో ఒకటే ప్రశ్న: 'మీ ఊహతో ఒక కథ రాయుము. పదిహేను మార్కులు.' నేను మా మావయ్య గురించి రాశాను. ఆయన అప్పుడే విజయనగరంలో కొత్తగా స్కూటరు నేర్చాడు. ఎడమకి తిప్పడం వచ్చింది గానీ, ఎదురొచ్చే బస్సుల్నీ ఆటోల్నీ దాటుకుని కుడికి తిప్పాలంటే చేతులు బిగుసుకుపోయేవి. వాళ్ల వీధేమో రోడ్డుకి కుడిపక్క. నన్ను బస్టాండులో ఎక్కించుకున్న రోజున వీధి దాటేసి, కోట చుట్టూ తిరిగొచ్చి, మళ్లీ దాటేసి, "ఊరు సూపిస్తన్నానే, బాగా సూసుకో" అంటూ తిప్పుతూనే ఉన్నాడు. ఇదంతా రాసి, చివర 'మానవజీవితం కూడా ఒక చక్రభ్రమణమే' అని గంభీరంగా ముగించాను. నాలుగు మార్కులొచ్చాయి. నా రూమ్మేటు సాలూరు పిల్ల (మా హాస్టల్లో ఊరి పేర్లే ముద్దుపేర్లు) ఉపోద్ఘాతం, సంఘర్షణ, ముగింపు అని శీర్షికలు పెట్టి, స్కెచ్ పెన్నుతో గీతలు గీసి, ఒక రాజుగారి కథ రాసింది. దానికి పదమూడు! "ఒలమ్మా, ఆ రాజు సచ్చిపోనాడో బతికినాడో నాకే గుర్తులేదే" అని అదే ఆశ్చర్యపోయింది.

నాకు బీయీడీ కళ్లముందు కనబడింది. పేపరు పట్టుకుని స్టాఫ్‌రూముకి వెళ్లాను. "మాస్టారూ, నా కథలో తప్పేమిటండీ?" అని అడిగాను. "పాయింట్లేవమ్మా? మార్కు ఎక్కడ వెయ్యాలో నాకు తెలియాలి కదా!" అన్నారాయన. "పోనీ నేనే చదువుతాను, వినండి" అని మొదలుపెట్టేశాను. కోట చుట్టూ రెండోసారి తిరిగేసరికి ఆయన కళ్లజోడు తీసేశారు. మరో చుట్టుకి కళ్లు తుడుచుకుంటున్నారు. పక్క టేబులు దగ్గర టీ తాగుతున్న చరిత్ర మేడమ్‌కి పొలమారింది. చక్రభ్రమణం దగ్గరికొచ్చేసరికి మాత్రం మాస్టారి నవ్వు ఆగిపోయింది. నవ్వులో ఆయన పుస్తకాల భాష ఎక్కడో జారిపోయినట్టుంది, మా ఊరి మాట బయటికొచ్చింది.

"ఇదెవులు రాయమన్నారు?"

"యూనివర్సిటీ కదా, నీతి ఉండాలేమోనని..."

"నీతి సంగతి తర్వాత సూద్దాం. మీ మావ ఇంటికి సేరినాడా, లేదా?"

చేరాడు. చివరికి స్కూటరు ఆపి, ఇద్దరం దిగి, రోడ్డుకి అడ్డంగా తోసుకుపోయి, మళ్లీ ఎక్కి, వీధి మొదట్నుంచి గుమ్మం దాకా దర్జాగా నడిపాడు. "తోసినామని మీ అత్తకి సెప్పకే" అని నాచేత ఒట్టు కూడా వేయించుకున్నాడు. అందుకే రాయలేదని చెప్పాను. మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి పడీపడీ నవ్వి, "కతంతా అక్కడుంటే ఇదేటమ్మా ఇలాగ ముగించినావు! కూకో, రాయి" అని తెల్లకాయితం ఇచ్చారు. ఆయనకి కథంటే ఏమిటో తెలీదని అంతకుముందే హాస్టలంతా చెప్పుకు తిరిగినదాన్ని, ఆ టేబులు చివర తలొంచుకుని రాశాను. (ఎందుకైనా మంచిదని 'సంఘర్షణ' అని ఒక శీర్షిక పెట్టి గీత కూడా గీశాను. పేర్లన్నీ మార్చేశాను గానీ, కుడికి తిరగని స్కూటరు విజయనగరంలో ఇంకెవరికుంది? తర్వాత ఆ కాయితం అత్త కంటబడింది, నెలరోజులు నవ్విందట. మావయ్య నాతో మాట్లాడ్డానికి దసరా రావాల్సివచ్చింది.) పదకొండు వేశారు. "మిగతావి?" అన్నాను ఆశగా. "అన్నీ ఇచ్చేస్తే నువ్వు మరింక రాయవు గావాల" అన్నారు.

బయటికొచ్చి బస్టాపులో నిలబడి ఇంటికి ఫోన్ చేశాను. "నాన్నా, కతలో పాసైపోనాను!"

నాన్న సంతోషంగా ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. "బతికిపోనావు. అయితే మరింక రాయక్కర్లేదు గదా?"

"అదేటి నాన్నా, ఇప్పుడే కదా మొదలెట్టినాను" అంది ఆనాటి నేననే ఆ పిల్ల, ఎండలో నుదురు తుడుచుకుంటూ, ఎక్కడలేని ధీమాగా. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఏదైనా కథ సగంలో ఆగిపోయి, ముందుకు కదలక నేను తిప్పలు పడుతున్నప్పుడు, ఆ ధీమా కాస్త అరువిస్తే బాగుండునని కూడా అనిపిస్తుంది.