అత్త అడగని దయ

మా చిన్నత్త పోయింది. కలకత్తా పక్కన లిలువాలో ఉన్న చుట్టాలకీ, శ్రీకాకుళంలో ఉన్నవాళ్లకీ ఆస్పత్రివాళ్ల మాటే కబురుగా వెళ్లింది: "ఏ బాధా పడకుండా ప్రశాంతంగా వెళ్లిపోయారు." విన్నవాళ్లంతా అదృష్టవంతురాలన్నారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతోంది. ప్రశాంతంగా పోనివ్వమని మా అత్త ఎవరినీ అడగలేదు. పోనివ్వొద్దని అడిగింది. అదీ ఆ పని చేతనైనవాళ్లనే అడిగింది.

ఆవిడ మా నాన్న చెల్లెలు. మా తాతయ్య లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అత్త నర్సింగు చదివి, కలకత్తాలో ఒక ఆస్పత్రి ఎమర్జెన్సీలో చేరి, రిటైరయ్యేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. పెళ్లి వద్దనుకుంది. నాకు కలకత్తాలోనే సెక్టర్ ఫైవ్‌లో కంప్యూటర్ ఉద్యోగం వచ్చాక, ఆ పక్కనే సాల్ట్ లేక్‌లో ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం.

బతుకు మీద అంత ఆశ ఉన్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. బజార్లో ఇలిష్ చేప, అదే మన పులస, మొప్పలెత్తి చూసి, అమ్మేవాడితో బెంగాలీలో పోట్లాడి, ఇంటికొచ్చి వాణ్ణి తెలుగులో తిట్టుకుంటూ వండేది. రిటైరయ్యాక హార్మోనియం కొన్నది. ఆ గొంతు సంగతి చెప్పకపోవడమే మంచిది. పక్కింటి బెంగాలీ ఆయన వచ్చి, "దీదీ, కాస్త నెమ్మదిగా" అని చేతులు జోడిస్తే, "ఇప్పుడే కదా మొదలెట్టాను. పదేళ్లు పోనియ్, టిక్కెట్టు కొనుక్కుని వింటావు" అని పంపేసింది. భోజనాల దగ్గర నేను మొహమాటపడితే ఊరుకునేది కాదు. "కావలసింది నోరు తెరిసి అడగాలే గుంటా. సిగ్గుపడి కూకుంటే ముక్క పక్కోడి కంచంలోకి ఎల్లిపోద్ది" అనేది.

ఎమర్జెన్సీలో పనిచేసేవాళ్లకి ఒక అలవాటుందట. ఎవరైనా తమ చేతుల్లో పోతే, తరవాత మట్టికప్పుల్లో టీ తాగుతూ ఒక్కొక్కరూ తమ సంగతి చెప్పుకుంటారు. నా గుండె ఆగితే ముట్టుకోకండి అని ఒకరు, నాకు గొట్టాలు వెయ్యొద్దు అని ఇంకొకరు. వాళ్లని తప్పుపట్టను. ఆగిన గుండెను నడిపించడానికి ఛాతీ నొక్కుతుంటే పక్కటెముకలు విరగడం చేతికి తెలుస్తుందట. అలా లేచినవాళ్లలో కొందరు మళ్లీ మామూలు మనుషులు కాలేకపోవడం వాళ్లు కళ్లారా చూశారు. రోజూ వడ్డించేవాడికి ఆ వంట తినబుద్ధి కాదు.

అందరిలోనూ మా అత్త ఒక్కతే ఎదురు చెప్పేది. ఆ సంగతి ఇంటికొచ్చి నాతోనూ అనేది.

"ఆలకేటే, వద్దంటారు. నన్ను మాత్రం ఒగ్గీకండని సెప్పీసినాను. ఎవుకలిరిగితే ఇరుగుతాయి. ఎవుక అతుక్కుంటాది, పోయిన పేణం అతుక్కుంటాదేటి?"

"మంచాన పడితే?"

"పడతాను. బతికుంటే బలుసాకు తినొచ్చంటారు. బలుసాకేటి నా మొకం! ఇలిష్ ముల్లు తీసి నువ్వు నోట్లో పెట్టవేటి?"

టీ దగ్గర ఈ మాటకి అందరూ నవ్వేవారట. దీదీ వేళాకోళమాడుతోంది అనుకునేవారట.

అలాగని తన ఇష్టాన్ని ఆవిడ ఇంకొకరి మీద రుద్దలేదు. ఆ ఆస్పత్రిలో ఒక అంబులెన్సు డ్రైవరు ఉండేవాడు, అత్తకి అన్నలాంటివాడు. తనకేమైనా అయితే నొక్కొద్దని టీ దగ్గర ఎన్నోసార్లు చెప్పాడు, ఇంట్లోవాళ్లకీ చెప్పాడు. జబ్బు ముదిరి అక్కడే చేరాడు. గుండె ఆగిన రోజు, కొత్తగా చేరిన డాక్టరొకతను గబగబా వెళ్లి నొక్కబోయాడు. అత్త అతని చెయ్యి పట్టుకుని పక్కకి తీసేసింది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఏడుస్తూనే చెప్పింది:

"నాకైతే నొక్కాలనే ఉన్నాదే. సేతులు లాగీసినాయి. కానీ నా ఇష్టవేటి? ఆయన పేణం, ఆయన మాట. ఆ డాక్టరుబాబుకీ అదే సెప్పినాను."

ఆ డాక్టరే ఇప్పుడు అక్కడ పెద్ద.

మొన్న ఒక ఉదయం ఛాతీలో నొప్పి అంది. దగ్గర్లో ఇంకో ఆస్పత్రి ఉన్నా, "మనోలు అక్కడున్నారు కదే" అని పాతచోటికే టాక్సీ ఎక్కించమంది. నడుచుకుంటూ లోపలికి వెళ్లింది. మంచం మీద పడుకుంటూ, నన్ను వదలొద్దని అందరికీ బెంగాలీలో ఇంకోసారి నవ్వుతూ చెప్పింది. కాసేపటికి గుండె ఆగింది. నన్ను బయటికి పంపేశారు. నేను అనుకున్నదానికంటే చాలా ముందే ఆ డాక్టరు బయటికొచ్చాడు. ఏడ్చినట్టున్నాడు.

"మొదలుపెట్టాం. దీదీ ఎముక నా చేతి కిందే విరిగింది. ఇక నావల్ల కాలేదు. వేరేవాళ్లకైతే ఇంకా చేసేవాళ్లం. ఆవిడ కాబట్టి ఆపేశాను. ఇదెంత హింసో ఆవిడకి తెలియనిదా?"

"ఆపొద్దని చెప్పింది కదా మీకు? ఇందాక కూడా చెప్పింది."

"అది దీదీ సరదాకి అనేది" అన్నాడు.

ఇంకాసేపు నొక్కితే బతికేదని నేననడం లేదు. బతికేది కాదేమో. కానీ ముక్కూమొహం తెలియనివాడికి అక్కడ దక్కేది మా అత్తకి దక్కలేదు, వాళ్లకి ఆవిడంటే ప్రేమ కాబట్టి. ఆవిడ వాళ్ల డ్రైవరు మాట నిలబెట్టింది, వాళ్లు ఆవిడ మాటని నవ్వులాట చేశారు. కొన్నాళ్లుపోతే కోపం తగ్గుతుందమ్మా అని మా నాన్న అంటున్నాడు. తగ్గకుండా రోజూ నేనే ఎగదోసుకుంటున్నాను.

ఆస్పత్రివాళ్లు సంతాపసభ పెట్టారు. ఫొటోకి రజనీగంధ దండ వేశారు. డాక్టరు లేచి, "జీవితమంతా చూసిన ఆ బాధ దీదీకి రాకుండా చూసుకున్నాం. అదే మా గురుదక్షిణ" అన్నాడు. అందరూ తలలూపారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. తరవాత రెండు మంచి మాటలు చెప్పమని మైకు నా చేతికిచ్చారు. ఈ నోరు మా అత్త పెట్టిన భిక్ష. అందరికీ అర్థమయ్యేలా బెంగాలీలోనే అడిగాను.

"డాక్టరుబాబూ, మీ గుండె ఆగితే ఏం చెయ్యమంటారు?"

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "నాకా? నన్నెవరూ ముట్టుకోవద్దు. ఇక్కడ అందరికీ తెలుసు."

"నొక్కడం నాకూ వచ్చు, మా అత్త నేర్పింది. మీరు పడిపోయే రోజున మీ పక్కన నేనే ఉండాలని దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను. మీ ఎముకలన్నీ విరిగినా ఆపను. ఎవరైనా అడ్డొస్తే, డాక్టరుబాబు వద్దన్నది సరదాకి అని చెబుతాను."

మైకు తిరిగి ఇచ్చేశాను. ఆయన కుడిచెయ్యి దానంతటదే ఛాతీ మీదికి పోయింది. సభ అయ్యాక టీ పంచారు. ఆయన ఎడమచేత్తో అందుకున్నాడు. కుడిచెయ్యి ఇంకా అక్కడే ఉంది, వేళ్లు విచ్చుకుని, పక్కటెముకల్ని కప్పుకుని.